మనస్సాక్షి ఖైదీలకు ఆశ్రయమిచ్చే చట్టం మనకు కావాలి: నెల్లూరు, ఒంగోలు పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు, ఒంగోలు లోక్‌సభ సభ్యులకు నమస్కారాలు.

ఎవరి మీదా చెయ్యెత్తకుండా, ఎవరినీ హింసకు పురిగొల్పకుండా, తాము నమ్మిన మాట పైకి చెప్పినందుకో, పత్రికలో రాసినందుకో, తమ పద్ధతిలో దేవుణ్ణి కొలిచినందుకో జైలు పాలైన వారిని మనస్సాక్షి ఖైదీలని పిలవడం అరవై ఏళ్లకు పైగా ప్రపంచానికి అలవాటైంది. వారిలో అనేకుల విడుదల వారి దేశంలోని న్యాయస్థానం చేతిలో ఉండదు. ఒత్తిడికి తలొగ్గి వదిలేద్దామని పాలకులు అనుకున్న రోజున కూడా, ఇక్కడ ఉండనివ్వం, ఏ దేశం తీసుకుంటుందో చూసుకోండి అనే షరతు ఎదురవుతుంది. తీసుకుంటామని చెప్పే దేశం ఒక్కటి దొరికితే ఆ మనిషి బయటపడతాడు, దొరక్కపోతే లోపలే ఉండిపోతాడు. అలా తీసుకుంటామని చెప్పడానికి మన దేశానికి ఒక చట్టం గానీ, ఒక స్థిరమైన పద్ధతి గానీ లేదు. దాన్ని తీసుకురావడానికి మీరిద్దరూ పార్లమెంటులో చొరవ చూపాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను కావలిలో చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంత జీవితం గడుపుతున్న అధ్యాపకుణ్ణి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో కొందరు మిత్రులతో కలిసి ఇతర దేశాల ఖైదీల కోసం ఉత్తరాలు రాసేవాణ్ణి. ఈ ఉద్యమానికి నాంది 1961 మే 28న లండన్‌లోని అబ్జర్వర్ పత్రికలో పీటర్ బెనెన్‌సన్ అనే న్యాయవాది రాసిన వ్యాసం. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ దాని నుంచే పుట్టింది, 1977లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. మొదట్లో ఒక్కో బృందానికి ముగ్గురు ఖైదీలను అప్పగించేవారు: ఒకరు పశ్చిమ దేశాల నుంచి, ఒకరు కమ్యూనిస్టు దేశాల నుంచి, మరొకరు మన వంటి వర్ధమాన దేశాల నుంచి. ఏ పక్షానికీ కొమ్ము కాయడం లేదని చూపించుకోవడానికి ఆ ఏర్పాటు. నీలం రంగు ఏరోగ్రామ్ మీద, ఎక్కడా పరుషమైన మాట లేకుండా, ఆ దేశపు న్యాయశాఖ మంత్రినో జైలు అధికారినో గౌరవంగా సంబోధిస్తూ రాయాలి. మూడు మడతలు పెట్టి, అంచులకు జిగురు తడిపి అంటించి, కావలి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చేవాళ్లం. జవాబు అరుదు.

మాకు అప్పగించిన వారిలో లాటిన్ అమెరికాకు చెందిన ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన ఫైలుతో పాటు ఒకసారి కొత్త రకం అభ్యర్థన వచ్చింది. ఏదైనా దేశం వీసా ఇస్తే ఆయన్ను వదిలిపెట్టే అవకాశం ఉంది కనుక, ఢిల్లీలోని రాయబార కార్యాలయాలకు రాయండి అని దాని సారాంశం. రాశాం. ఒక కార్యాలయం నుంచి మాత్రం టైపు చేసిన జవాబు వచ్చింది: వీసా కోరే వ్యక్తి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టుతో స్వయంగా హాజరు కావాలి. నాలుగు గోడల మధ్య, పేరుకు బదులు నంబరుతో పిలిపించుకుంటున్న మనిషి ఎక్కడికి హాజరవుతాడు? ఆ జవాబు రాసిన గుమస్తాను తప్పుపట్టలేను, ఆయన ముందున్న నిబంధనల పుస్తకంలో అలాంటి మనిషికి చోటు లేదు. చోటు కల్పించాల్సింది చట్టం చేసేవారు.

ఆ బడిపంతులు ఒక్కరి గతి కాదది. అర్జెంటీనా రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం, అత్యవసర స్థితిలో అధ్యక్షుడి ఉత్తర్వు మీద నిర్బంధంలో ఉన్న వ్యక్తి జైలుకు బదులు దేశం విడిచి వెళ్లడాన్ని ఎంచుకోవచ్చు. 1976లో అధికారం చేజిక్కించుకున్న సైన్యం ఆ హక్కును నిలిపేసి, తరువాత ఎన్నో షరతులతో తిరిగి ఇచ్చింది. పొరుగున చిలీలో 1975 నాటి 504వ డిక్రీ, సైనిక కోర్టులు శిక్షించిన వారు మిగిలిన శిక్షను ప్రవాసంగా మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోనిచ్చింది. రెండు చోట్లా కీలకం ఒక్కటే: రానిస్తామని రాతపూర్వకంగా చెప్పే మరో దేశం. ఆ కాగితం కోసం చర్చిలు, కార్మిక సంఘాలు, విశ్వవిద్యాలయాలు దేశదేశాల ప్రభుత్వాల చుట్టూ తిరిగాయి. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైనిక కుట్ర జరిగాక అక్కడి స్వీడన్ రాయబారి హరాల్డ్ ఎడెల్‌స్టామ్ పై నుంచి ఆదేశాల కోసం కూర్చోకుండా వందల మందిని కాపాడి, చివరికి ఆ దేశం నుంచి తానే వెళ్లగొట్టించుకున్నారు. అంత తెగువ ప్రతి రాయబారి నుంచీ ఆశించలేం కనుకనే నిబంధన కావాలంటున్నాను.

అంతర్జాతీయ చట్టంలోనే ఇక్కడ ఒక ఖాళీ ఉంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 14వ అధికరణం, వేధింపుల నుంచి తప్పించుకోవడానికి ఇతర దేశాల్లో ఆశ్రయం కోరే హక్కు ప్రతి మనిషికీ ఉందంటుంది. కానీ 1951 నాటి శరణార్థుల ఒప్పందం, సొంత దేశపు సరిహద్దు దాటిన వ్యక్తినే శరణార్థిగా గుర్తిస్తుంది. సరిహద్దు దాటగలిగినవాడికి ఎన్ని కష్టాలున్నా పేరంటూ ఒకటి ఉంది. జైలులో ఉన్నవాడికి, గృహనిర్బంధంలో ఉన్న స్త్రీకి, విడుదలై కూడా ఇంట్లో దాక్కున్నవారికి ఆ పేరు కూడా దక్కదు. కెనడా దీన్ని గమనించి 1982లో రాజకీయ ఖైదీలు, పీడితుల కోసం ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచి, లాటిన్ అమెరికాలోని కొన్ని దేశాల వారికీ పోలండ్ వారికీ సొంత గడ్డ మీద ఉండగానే వీసా ఇచ్చే వీలు కల్పించింది. ఆ తరహా ఏర్పాటు వేర్వేరు రూపాల్లో సాగి 2011లో రద్దయింది. 2021లో హక్కుల కార్యకర్తల కోసం ఏడాదికి 250 మందితో మొదలుపెట్టి, తరువాత 500కు పెంచిన కొత్త పథకం మంచిదే గానీ, అది దేశం దాటి వచ్చినవారి కోసం.

చట్టం వదిలేసిన ఈ ఖాళీని కొంతవరకు పూడుస్తున్నవి ప్రభుత్వేతర ఏర్పాట్లు. వీటిలో అన్నిటికన్నా పాతది నా వంటి అధ్యాపకులకు దగ్గరైనది. 1933లో హిట్లర్ యూదు ఆచార్యులను కొలువుల్లోంచి తీసేసినప్పుడు, ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ చొరవతో, శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ అధ్యక్షతన బ్రిటన్‌లో ఒక సహాయ మండలి ఏర్పడింది. అక్కడి అధ్యాపకులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని నిలబెట్టిన ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది. అది ఆదుకున్నవారిలో పదహారు మంది తరువాత నోబెల్ బహుమతులు పొందారు. అదే కాలంలో జర్మనీలోని గోటింగెన్‌లో పదవి పోగొట్టుకున్న భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను సి.వి. రామన్ బెంగళూరుకు పిలిపించారు. బోర్న్ 1935-36లో కొన్ని నెలలు భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్నారు. శాశ్వత ఆచార్య పదవి ఇప్పించాలని రామన్ ప్రయత్నించినా సహచరుల నుంచి వ్యతిరేకత వచ్చి పని జరగలేదు. బోర్న్ ఎడిన్‌బరో వెళ్లిపోయారు, 1954లో నోబెల్ అందుకున్నారు. విద్యార్థులకు క్వాంటమ్ సిద్ధాంతం చెప్పే ప్రతి మాస్టారూ తలచుకోవలసిన నష్టం అది. రచయితల కోసం నార్వేలోని స్టావాంగర్ కేంద్రంగా 2006లో మొదలైన ఆశ్రయ నగరాల సంఘంలో ఈనాడు డెబ్భైకి పైగా నగరాలున్నాయి. ఒక్కో నగరం ఒక రచయితకో పాత్రికేయుడికో సాధారణంగా రెండేళ్ల పాటు ఇల్లు, జీవనభృతి ఇస్తుంది. డబ్లిన్‌లో 2001లో పుట్టిన ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ ప్రమాదంలో ఉన్న కార్యకర్తలను తాత్కాలికంగా తరలిస్తుంది.

ఈ మాటలన్నీ ఎక్కడో ఐరోపా కబుర్లుగా అనిపించవచ్చు. అందుకే మన పొరుగు దేశం సంగతి చెబుతాను. పాకిస్తాన్ పంజాబులో ఆసియా బీబీ అనే క్రైస్తవ వ్యవసాయ కూలీ 2009లో తోటలో పండ్లు కోస్తూ, ఎండకు దాహమై నీళ్లు తాగింది. ఆమె ముట్టిన నీళ్లు మాకు పనికిరావని తోటి కూలీలు అన్నారు. మాటా మాటా పెరిగింది. కొద్ది రోజులకు ఆమె మీద దైవదూషణ నేరం మోపారు, 2010లో ఉరిశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు, మార్చిలో మంత్రి షహబాజ్ భట్టీని చంపేశారు. 2018 అక్టోబరు 31న పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఆమెను నిర్దోషిగా తేల్చింది. అయినా ఆమె ఇంటికి పోలేకపోయింది. తీర్పు తరువాత నెలల తరబడి ప్రభుత్వ రక్షణలో ఎక్కడుందో తెలియకుండా ఉండి, 2019 మేలో కెనడా చేరుకుంది. చట్టం విడిచిపెట్టినా గుంపు విడిచిపెట్టదని తెలిసినప్పుడు, పై నుంచి వచ్చిన నిర్దోషి తీర్పు ప్రాణాన్ని కాపాడదు. వెళ్లడానికి ఒక చోటు ఉండటం కాపాడుతుంది.

నీళ్ల దగ్గర మొదలైన గొడవ ఎంత దూరం పోతుందో ఈ జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆనాడు ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర పశువులను కడుగుతుంటే ఒక దళిత మహిళ అభ్యంతరం చెప్పింది. 1985 జూలై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఊళ్లోకి వెళ్లేది లేదని నిర్ణయించుకుని చీరాలలోనే ఇళ్లు కట్టుకున్నారు. ఆ రోజు వాళ్లకు చీరాల అందుబాటులో ఉంది, తలుపు తెరిచిన చర్చి ఉంది, వచ్చినవారిని తిప్పి పంపమని ఎవరూ అనలేదు. ఆసియా బీబీకి అలాంటి చీరాల తన దేశంలో ఎక్కడా లేకుండా పోయింది. అంతర్జాతీయ ఆశ్రయం అంటే ఏమిటని మా కుర్రవాళ్లు అడిగితే నేను ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చెప్పేవాణ్ణి.

అయితే విదేశానికి పంపడమే పరిష్కారమని ఎవరైనా అంటే ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు. ఇష్టం లేని మనిషిని దేశం దాటించడం పాలకులకు చవకగా దొరికిన శిక్ష కూడా. 2023 ఫిబ్రవరి 9న నికరాగువా ప్రభుత్వం 222 మంది రాజకీయ ఖైదీలను విమానమెక్కించి అమెరికా పంపి, వారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. స్పెయిన్ వారికి తన పౌరసత్వం ఇవ్వజూపింది. ఆ విమానం ఎక్కనని నిరాకరించిన బిషప్ రొలాండో ఆల్వరెజ్‌కు మర్నాడే 26 ఏళ్ల శిక్ష వేశారు. 2024 ఆగస్టు 1న రష్యా, పాశ్చాత్య దేశాల మధ్య జరిగిన ఖైదీల మార్పిడిలో బయటపడ్డ రష్యా ప్రతిపక్ష నాయకుడు ఇల్యా యాషిన్, తన సమ్మతి లేకుండా తనను మాతృభూమి నుంచి వెళ్లగొట్టారని మర్నాడే జర్మనీలో బహిరంగంగా చెప్పారు. 2025 సెప్టెంబరులో బెలారుస్ 52 మందిని విడిచిపెట్టి లిథువేనియా సరిహద్దుకు తీసుకుపోతే, మికోలా స్టాట్‌కెవిచ్ అనే వృద్ధ నాయకుడు బస్సు దిగి, రెండు దేశాల మధ్య ఖాళీ స్థలంలో గంటల పాటు కూర్చుని, వెనక్కే నడిచారు. ఆయన్ను మళ్లీ జైలుకు పంపారు. ఈ ముగ్గురినీ మొండివాళ్లని అనుకోవడం సులువు. తమ ఊరు తమది అని వాళ్లు చెబుతున్నారు. మన చట్టం ఎలా రాసినా, ఖైదీ సమ్మతి ముందు ఉండాలని, ఆ సమ్మతిని జైలు అధికారి ద్వారా కాకుండా కుటుంబం ద్వారానో న్యాయవాది ద్వారానో తెలుసుకోవాలని అందులో ఉండాలి.

కుటుంబం సంగతి కూడా ఉంది. చైనాకు చెందిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత లియు షియావోబో 2017 జూలై 13న నిర్బంధంలోనే కన్నుమూశాక, ఆయన భార్య, కవయిత్రి లియు షియా మరో ఏడాది గృహనిర్బంధంలో ఉన్నారు. ఆమె మీద ఏ నేరమూ మోపలేదు, అలాగే దాదాపు ఎనిమిదేళ్లు బంధించారు. జర్మనీ పట్టువిడవకుండా అడగ్గా 2018 జూలై 10న ఆమెను బెర్లిన్ వెళ్లనిచ్చారు. ఆమె తమ్ముడు మాత్రం చైనాలోనే ఉండిపోయాడు. బయటికి వచ్చినవారు నోరు విప్పకుండా ఉండటానికి వెనక ఉన్నవారిని తాకట్టుగా వాడుకోవడం ఇలాంటి ప్రభుత్వాలకు బాగా తెలిసిన విద్య. ఒక్క మనిషికి వీసా ఇచ్చి ఊరుకుంటే సగం పనే అవుతుంది.

ఇక మన సంగతి. భారత్ 1951 ఒప్పందం మీద గానీ, 1967 నాటి అనుబంధ ఒడంబడిక మీద గానీ సంతకం చేయలేదు. 2025లో వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 1946 నాటి పాత చట్టాన్ని రద్దు చేసి దాని స్థానంలోకి వచ్చింది, కానీ అందులో శరణార్థికి నిర్వచనం లేదు, ఆశ్రయానికి ప్రక్రియ లేదు. వీసా లేకుండా వచ్చినవారికి అయిదేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శ్రీలంక తమిళులు, టిబెటన్లు, మూడు పొరుగు దేశాల మైనారిటీల వంటి కొన్ని వర్గాలకు ప్రభుత్వం ఉత్తర్వుల ద్వారా మినహాయింపులు ఇచ్చింది. అంటే వర్గానికి రక్షణ ఉంది, మనిషికి లేదు. ఆ వర్గాల్లో ఇమడని ఒక బర్మా పాత్రికేయుడో, ఒక ఇరాన్ విద్యార్థినో ప్రాణభయంతో వస్తే వారి అభ్యర్థనను ఎవరు వినాలో, ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో ఎక్కడా లేదు. న్యాయస్థానాలు తమ పని చేశాయి: 1996లో, నేటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి శరణార్థులుగా వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందని చెప్పింది. ప్రాణాపాయం ఉన్న చోటికి తిప్పి పంపరాదన్న సూత్రం కూడా ఆ అధికరణంలో ఉన్నదేనని గుజరాత్ హైకోర్టు 1998లో అన్నది. తీర్పులు ఒక్కొక్క కేసుకు అండగా నిలుస్తాయి, విదేశంలోని మన ఎంబసీ కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి మార్గదర్శకం కాలేవు.

చట్టం లేకపోయినా మనం ఎందరికో నీడనిచ్చాం, నిజమే. దలైలామా సరిహద్దు దాటి వచ్చిన కొద్ది రోజులకే, 1959 ఏప్రిల్ 3న, నెహ్రూ ఆశ్రయం సంగతిని పార్లమెంటులో ప్రకటించారు. నెల్లూరు నుంచి చెన్నై రైలెక్కి సూళ్లూరుపేట, తడ దాటితే వచ్చే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. అక్కడ పుట్టి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే పిల్లల్ని కన్నవారు ఉన్నారు, ఈ దేశంలో తమ స్థానం ఏమిటన్నది మాత్రం నేటికీ తేలలేదు. ఆశ్రయం దయగా ఉన్నంతకాలం ఇలాగే ఉంటుంది. బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ సంగతి తెలుగువారికి బాగా తెలుసు, 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో ఆమె మీద దాడి జరిగింది మన కళ్ల ముందే. మాతృదేశానికి దూరమై ముప్ఫై ఏళ్లయిన ఆ రచయిత్రి, తన నివాస అనుమతి గడువు ముగిసి నెలలు గడిచినా పలికే నాథుడు లేక, 2024 అక్టోబరులో కేంద్ర హోం మంత్రిని బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది. ఆ తరువాతే పొడిగించారు. అంత పేరున్న మనిషికే అలా అయితే, పేరు లేనివారి మాట ఎవరు వింటారు?

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది భద్రత గురించి. దానికి జవాబు ప్రక్రియలోనే ఉంది. గుట్టుచప్పుడు కాకుండా సరిహద్దు దాటి వచ్చిన మనిషి గురించి మనకు ఏమీ తెలియదు. ఒక మనస్సాక్షి ఖైదీ విషయంలో మాత్రం నేరాభియోగ పత్రం, కోర్టు రికార్డు, నిర్బంధం అక్రమమని చెప్పే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం అభిప్రాయం సైతం చేతిలో ఉండవచ్చు. 1991లో ఏర్పడిన ఆ బృందానికి ఎవరైనా ఫిర్యాదు పంపవచ్చు, సొంత దేశంలో కోర్టులన్నీ ఎక్కి దిగి ఉండాలన్న షరతు కూడా లేదు. హింసను సమర్థించినవారి విషయంలో గీత ఎక్కడ గీయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్నే. సాయుధ పోరాటాన్ని సమర్థించారన్న కారణంతో 1964లో నెల్సన్ మండేలాకు సైతం ఆమ్నెస్టీ మనస్సాక్షి ఖైదీ అన్న గుర్తింపును కొనసాగించలేదు. ఆయన మీద న్యాయమైన విచారణ జరగలేదని మాత్రం చెబుతూనే వచ్చింది. అంత కఠినమైన ప్రమాణాన్ని దాటి వచ్చినవారి గురించే నేను అడుగుతున్నాను.

మరో మాట కూడా వింటుంటాను: ముందు మన జైళ్ల సంగతి చూసుకోవద్దా? చూసుకోవాలి. మన జైళ్లలో ఉన్నవారిలో నూటికి డెబ్భై మందికి పైగా ఇంకా విచారణ ఖైదీలే. నూటికి తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకి పరిమితమైన ఆచార్య జి.ఎన్. సాయిబాబాను, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో, 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్‌లో ఆయన చనిపోయారు. జైలులో గడిచిన ఏళ్లను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. ఇక్కడి అన్యాయాన్ని చూసి బాధపడేవారే అక్కడి అన్యాయానికీ స్పందిస్తారన్నది నా అనుభవం. ఒకటి తేలేవరకు రెండోది ఆగాలనడం రెండింటినీ ఆపడమే అవుతుంది.

ఇతర దేశాలు ఈ పని చేస్తున్నాయి కదా అనే రోజులు కూడా పోయాయి. 2026 ఆర్థిక సంవత్సరానికి అమెరికా శరణార్థుల పరిమితిని 7,500కు కుదించింది, అంతకు ముందు ఏడాది అది 1,25,000. ఐరోపాలోనూ తలుపులు ఒక్కొక్కటిగా బిగుసుకుంటున్నాయి.

మన జిల్లాలకు ఈ విషయంలో ఒక బాకీ కూడా ఉందని నమ్ముతాను. కనిగిరిలో పుట్టిన దరిశి చెంచయ్య చదువు కోసం అమెరికా వెళ్లి, అక్కడ ఆంగ్లేయుల పాలనను సాయుధంగా కూలదోయాలనుకున్న గదర్ పార్టీలో చేరి, దేశం కోసం తిరిగి వస్తూ సయాంలో (నేటి థాయిలాండ్‌లో) పట్టుబడి ఏళ్ల తరబడి జైళ్లలో గడిపారు. సయాం ఆయనను ఆదుకోలేదు, ఆంగ్లేయులకు అప్పగించింది. 1915లో జపాన్ ప్రభుత్వం భారత విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌ను వెళ్లిపొమ్మని ఉత్తర్వు ఇస్తే, టోక్యోలో నకమురాయా అనే రొట్టెల దుకాణం నడిపే కుటుంబం ఆయనను తమ ఇంట్లో దాచింది. వీరు ఆయుధం పట్టినవారు, నేను చెప్పే నిర్వచనంలోకి రారు. కానీ తలదాచుకునే చోటు దొరికిన మనిషికీ దొరకని మనిషికీ జీవితం ఎలా విడిపోతుందో వీరిద్దరి కథల్లో ఉంది. సైమన్ కమిషన్ నాడు మద్రాసులో తుపాకుల ముందు గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పేరు మోస్తున్న జిల్లా ఒకటి, ప్రాణాలొడ్డి నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు పేరు మోస్తున్న జిల్లా ఇంకొకటి. ఇక్కడి ప్రతినిధులు ఈ మాట ఎత్తితే సభ వింటుంది.

మీరు చేయగలిగింది చాలా ఉంది. 2015లో శశి థరూర్‌తో సహా వేర్వేరు పార్టీల సభ్యులు ఆశ్రయ చట్టం కోసం ప్రైవేటు మెంబరు బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులు, ప్రవేశపెట్టారు. అంతకు ముందు జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలో ఒక నమూనా చట్టం కూడా తయారైంది. 1970 తరువాత ప్రైవేటు మెంబరు బిల్లు ఏదీ చట్టం కాలేదని నాకు తెలుసు, అయినా అలాంటి బిల్లు వల్ల ప్రభుత్వం సభలో తన వైఖరి చెప్పక తప్పదు. కేంద్రంలో అధికారంలో ఉన్న కూటమిలో మీ పక్షం భాగస్వామి కనుక, మీ మాట ప్రతిపక్ష సభ్యుడి మాట కన్నా సులువుగా మంత్రి దాకా చేరుతుంది. ఆ బిల్లులో, మతం గానీ పుట్టిన దేశం గానీ చూడకుండా మనిషికి ఎదురవుతున్న ప్రమాదాన్ని బట్టి ఆశ్రయాన్ని నిర్ణయించే స్వతంత్ర అధికారి ఉండాలి. జైలులో లేదా గృహనిర్బంధంలో ఉన్న వ్యక్తి తరఫున భార్యో భర్తో న్యాయవాదో మన రాయబార కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడానికి వీలుండాలి. పాస్‌పోర్టు గడువు తీరినవారికి, దాన్ని ప్రభుత్వమే లాక్కున్నవారికి ఒక ప్రయాణ పత్రం ఇవ్వాలి. భార్యాబిడ్డలను కూడా వెంట రానివ్వాలి. వచ్చినవారు చట్టబద్ధంగా పని చేసుకోనివ్వాలి, ఎందుకంటే పని లేని ఆశ్రయం కొన్నాళ్లకు మరో నిర్బంధంగా మారుతుంది.

బిల్లు కోసం ఆగకుండా రాబోయే సమావేశాల్లోనే మీరిద్దరూ మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్న ఒకటి వేయండి: గత పదేళ్లలో విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలకు ఆశ్రయం కోరుతూ ఎన్ని అభ్యర్థనలు వచ్చాయి, వాటిని ఏ నిబంధన కింద, ఏ స్థాయి అధికారి పరిశీలించారు, ఎన్నిటికి జవాబిచ్చారు? నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రమాదంలో ఉన్న ఒక విదేశీ అధ్యాపకుడికి ఏడాదికో రెండేళ్లకో అతిథి ఆచార్య పదవి ఇవ్వడానికి ముందుకు రమ్మని మీ పేరు మీద వాటికి లేఖ రాయండి, అలాంటి వారికి పరిశోధక వీసా త్వరగా ఇవ్వాలని విదేశాంగ మంత్రికి మరో లేఖ రాయండి. ఒక్క పదవితో మొదలుపెట్టినా చాలు. భోజనం, వసతి ఖర్చులకు చందాలు పోగు చేసే బాధ్యతను నా వంటి విశ్రాంత అధ్యాపకులం కొందరం తీసుకుంటాం. పైన చెప్పిన బిల్లుల ప్రతులను, తీర్పుల ప్రతులను తెలుగు సారాంశాలతో సహా మీ నియోజకవర్గ కార్యాలయాలకు తెచ్చి ఇస్తాను. మీ వీలు చూసి రోజు చెప్పండి.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కావలి